పెళ్లి సకినాలకు పనికిరాని చేయి

కోపం వస్తే కళ్లు మూసుకుని, ముక్కుతో గాలి పీల్చి, నోటితో మెల్లగా వదలాలని మాకు హన్మకొండలో ఒక ఏసీ హాల్లో నేర్పించారు. నేర్పించిన మేడం హైదరాబాద్ నుంచి వచ్చింది. మంచి మనిషే. చీర బాగుంది, మాట ఇంకా బాగుంది. మా వర్ధన్నపేట వైపు ఊళ్ల నుంచి సంఘాల ఆడవాళ్లను వ్యాన్లలో ఎక్కించి తీసుకుపోయారు. గ్రామీణ మహిళలకు భావోద్వేగ నైపుణ్యాలు, చిన్న వ్యాపారాలు అని వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీ మీద ఒకామె పచ్చడి సీసాలు ముందు పెట్టుకుని పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది. మిరపకాయలు దంచిన చేతులతో అంత నవ్వు నవ్విన మనిషిని నేను ఈ వయసు దాకా చూడలేదు.

మేడం మా అందరికీ తలా ఒక గాలి బుగ్గ, అదే బెలూన్, ఇచ్చింది. "మీ కోపమంతా ఇందులోకి ఊదండమ్మా. ఊదాక వదిలేయండి, కోపం కూడా దానితో ఎగిరిపోతుంది" అంది. అందరూ ఊదారు, వదిలారు. బుగ్గలు సర్రున హాలంతా తిరిగి కుర్చీల కింద పడ్డాయి. ఇళ్లలో నవ్వడానికి తీరిక దొరకని ఆడవాళ్లు పడిపడి నవ్వారు. నేను ఊదుతూనే ఉన్నాను. నాది టప్పున పగిలింది. "మీలో చాలా కోపం ఉందమ్మా" అంది మేడం, నా భుజం మీద చేయి వేసి. ఉంది. ఎందుకుందని అడుగుతుందేమోనని ఆమె మొహంలోకి చూశాను. అడగలేదు. "దాన్ని మనం మేనేజ్ చేసుకోవాలి" అని చెప్పి, నా చేతిలో ఇంకో బుగ్గ పెట్టి ముందుకు పోయింది.

ఆమె అడగలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నా పెనిమిటి పోయేనాటికి నా బిడ్డ పదో తరగతి చదువుతోంది. ఖమ్మం రోడ్డు మీద లైట్లు లేకుండా ఆపిన లారీకి ఆయన బండి గుద్దుకుంది. ఏడ్చాను. ఏడుపు ఎప్పటికో తగ్గింది. అసలు సంగతి ఆ తర్వాత మొదలైంది. నన్నెవరూ తిట్టలేదు, కొట్టలేదు. మా మరిది పొలం లాక్కోలేదు. ఊరంతా నాతో మర్యాదగానే ఉంది. కానీ ఏ పెళ్లికి పోయినా కుంకుమ పళ్లెం వరసగా వచ్చి, నా ముందు ఆగకుండా పక్కామె దగ్గరికి పోయేది. పళ్లెం పట్టుకున్న పిల్ల నా కళ్లలోకి చూడకుండా దాటేది. దాటాక ప్రేమగా వెనక్కి తిరిగి "బువ్వ తిని పో అత్తమ్మా" అనేది. కొన్నాళ్లకు నేను పోవడం మానేశాను. పిలవడం వాళ్లు అంతకన్నా తొందరగా మానేశారు.

నా బిడ్డ మాత్రం ఊరుకోలేదు. "బోసి మొకంతోని మా కాలేజీకి రాకు" అని ఒక రోజు స్టిక్కర్ల అట్ట తెచ్చి, నా నుదుటి మీద చిన్న మెరూన్ బొట్టు అతికించింది. అప్పటి నుంచీ పెట్టుకుంటున్నాను. ఊరు మొదట గుసగుసలాడింది, తర్వాత అలవాటు పడింది. కొత్తవాళ్లకైతే నన్ను చూస్తే ఏమీ తెలియదు. మెడలో పుస్తెలు కొంగు కింద ఉన్నాయనుకుంటారు.

ఇక సకినాల సంగతి. మా వైపు పుట్టి పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెప్తున్నాను. నానబెట్టిన బియ్యం గిర్నీలో పట్టించి, ఆ తడిపిండిలో నువ్వులు, వాము, ఉప్పు వేసి పిసుకుతారు. ఆ పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలిపెడుతూ, నేల మీద పరిచిన పాత ధోతి బట్ట మీద వరస చుట్టూ వరసగా గుండ్రంగా చుడతారు. కాస్త ఆరాక నూనెలో వేస్తారు. ఒక్కతి చేసే పని కాదు. ఒకరి ఇంట్లో సకినాలంటే వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చి చుట్టూ కూర్చుంటారు. రేపు ఆమె వీళ్ల ఇంటికి పోతుంది. పిలుపు కూడా అవసరం లేదు, పిండి పట్టించిన వాసన వస్తే చాలు.

ట్రైనింగ్ నుంచి వచ్చాక ఏ వ్యాపారం పెట్టుకోవాలో మాకు పెద్దగా ఆలోచించాల్సిన పని పడలేదు. ఎట్లాగూ అందరం కలిసి చేసే పనే, ఊరికే చేసే బదులు అమ్మితే సరిపోతుంది. మా ఇంటికి ఎదురుగా ఉండే అక్క మా సంఘం లీడర్. ఇద్దరం ఒకే ఏడు ఈ ఊరికి కోడళ్లుగా వచ్చాం. నా కాన్పుకు దవాఖానలో నా మంచం పక్కన కింద పడుకున్నది ఆమే. ఆమె వాకిలి పెద్దది, పైన రేకులు వేసి ఉంది. అక్కడే మొదలుపెట్టాం. హన్మకొండలో ఒక మిఠాయి దుకాణం వాళ్లు మా సరుకు తీసుకోవడానికి ఒప్పుకున్నారు. ఆ దుకాణానికి పోయి మాట్లాడింది నేను. ఇంటర్ చదివినదాన్ని కదా, మాటలు నాకు అప్పగించారు.

ఆ వాకిట్లో నాకు ఒక చోటు ఉండేది. గడపకు ఎదురుగా, వెలుతురు పడే వైపు. ఒక పక్క లీడర్ అక్క, ఇంకో పక్క సాలోళ్ల ఇంటి వదిన. వదిన నాకన్నా పెద్దది. ఆమె భర్త బివండి మగ్గాలకు పని కోసం పోయి చాలా ఏళ్లయింది, రాలేదు. ఆమె మాట తక్కువ, పని ఎక్కువ. చుట్టూ ఆడవాళ్లు, మధ్యలో పిండి బగోన, నవ్వులు, వెక్కిరింతలు. ఎవరి అత్త ఏమంది, ఎవరి మొగుడు ఏం తాగి ఎక్కడ పడ్డాడు, అన్నీ అక్కడే. అప్పటిదాకా మిరప చేలల్లో చేసిన కైకిలి, అంటే కూలి పని, మానేశాను. బిడ్డను హాస్టల్లో ఉంచి చదివిస్తున్నాను. అవన్నీ నిజమే. కానీ నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది ఆ చోటే. భర్త పోయిన తర్వాత ఊళ్లో నేను పదిమంది మధ్య, ముందు వరసలో, ఎవరికీ అడ్డం కాకుండా కూర్చున్నది అక్కడొక్కటే. దాన్ని పోగొట్టుకోవాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

పెళ్లి ఆర్డర్ వచ్చింది. వర్ధన్నపేటలో పెద్ద ఇల్లు, కూతురి పెళ్లి. అమ్మాయితో పంపే సారెకు గంపల కొద్దీ సకినాలు కావాలి. గంపల ముందు పెట్టడానికి ఎన్నో వరసల పెద్ద సకినాలు వేరే. పెళ్లికూతురి తల్లి కారులో వచ్చి వాకిట్లో మా మధ్యే కూర్చుంది. మేం చుట్టినవి చేతిలోకి తీసుకుని చూసింది. నేను చుట్టిన సకినం ఒకటి విరిచి నమిలింది కూడా. తర్వాత మెల్లగా అడిగింది.

"ఏమనుకోవద్దు అక్కా. పెండ్లి పని గదా, అడగక తప్పది. చుట్టెటోళ్లందరు పుణ్యస్త్రీలేనా?"

నా చేతిలో పిండి ఆగింది. లీడర్ అక్క ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"అందరం పుణ్యస్త్రీలమే అక్కా. మీకు ఆ ఫికరే వద్దు."

ఆ మాటకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నా కోసం అబద్ధమాడింది అనుకున్నాను. ఇన్నేళ్లలో నా తరఫున ఒకరు, ఒక పెద్దింటావిడ మొహం మీద అబద్ధమాడారు అనుకుని లోపల లోపల పొంగిపోయాను. ఆమె పోయాక లీడర్ అక్కకు టీ పెట్టి ఇచ్చాను. నా పిచ్చి తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

రెండో రోజు మధ్యాహ్నం లీడర్ అక్క మీటింగ్ అంది. మేడం నేర్పిన పద్ధతిలో గుండ్రంగా కూర్చున్నాం. హన్మకొండలో ఒక మెత్తటి బంతి ఇచ్చేవారు, బంతి చేతిలో ఉన్నవాళ్లే మాట్లాడాలి, మిగతావాళ్లు వినాలి. మాకు బంతి లేదు, గరిటె పెట్టుకున్నాం. ఎవరినీ నువ్విట్లా చేశావు అనకూడదు, నాకిట్లా అనిపిస్తోంది అనాలి. అదీ నియమం. లీడర్ అక్క గరిటె తీసుకుంది.

"చెల్లె, నాకు మస్తు బాధ అనిపిస్తాంది. ఆళ్లు పట్టింపు ఉన్నోళ్లు. నువ్వు ఆ ఒక్కనాడు ఎన్క పొయ్యికాడ ఉంటే మంచిగుంటదని నాకు అనిపిస్తాంది. పిండి నువ్వే పిసుకు, నూనెల నువ్వే ఎయ్యి. చుట్టుడు ఒక్కటి మేం జూసుకుంటం."

గరిటె నా దాకా రాలేదు. నేనే లాక్కున్నాను.

"అందరం పుణ్యస్త్రీలమే అని నువ్వే అంటివి గదా అక్కా?"

"చుట్టెటోళ్ల సంగతి అడిగింది. నేను చుట్టెటోళ్ల సంగతే చెప్పిన" అంది. నా వైపు చూడలేదు.

అప్పుడు అర్థమైంది. ఆమె అబద్ధమేమీ ఆడలేదు. ఆ మాట అనేటప్పటికే నన్ను వరసలోంచి లేపి వెనక్కి పంపేసింది. పక్కన మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్న నన్ను.

గరిటె తిరిగింది. ఒకామె "నీ ఫీలింగ్ మాకు అర్థమైతాంది" అంది. ఇంకొకామె "నీ జాగల ఉంటే నాకు గుడ బాధైతది" అంది. హన్మకొండలో ఏసీలో నేర్చుకున్న మాటలన్నీ ఒక్కటొక్కటిగా నా మీద పోశారు. ఒక్కరు తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టేదాన్ని. అందరూ నన్ను అర్థం చేసుకుంటూ ఉంటే ఎవరితో కొట్లాడాలి? గరిటె వదిన చేతికి వచ్చింది. ఆమె తల వంచుకునే "ఒక్కనాడే గద వదినె, జర ఊకో" అని గరిటె పక్కకు ఇచ్చేసింది. అందరికన్నా ఆమె మీద నాకు ఎక్కువ కడుపు మండింది. ఎందుకంటే ఆమె ఎప్పుడూ మాట్లాడదు, మాట్లాడక మాట్లాడక అప్పుడు మాట్లాడింది.

నేను లేచిపోతానేమోనని లీడర్ అక్క మేడంకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. మేడం అంతా ఓపికగా విన్నది. ఆమె గొంతు నిజంగానే చల్లగా ఉంటుంది.

"చూడమ్మా, సమాజం ఒక్క రోజులో మారదు. మనం మార్చలేని వాటిని అంగీకరించడం కూడా ఒక నైపుణ్యమే. మీ గ్రూప్ కోసం మీరు ఒక్క అడుగు వెనక్కి వేస్తే అది ఓటమి కాదు, మెచ్యూరిటీ."

వెనక్కి వేసే అడుగు ఎప్పుడూ నాదేనా మేడం అని అడగాలనుకున్నాను. ఆమెకు వేరే జిల్లాలో క్లాసు ఉందట, పెట్టేసింది. ఊరివాళ్లకు తెలియక చేశారనుకోవచ్చు, మా లీడర్ అక్కకు ఆర్డర్ భయం అనుకోవచ్చు. పుస్తకాలు చదివి, ఆడవాళ్ల బతుకులు బాగుచేస్తానని ఊళ్లు తిరిగే మనిషికి ఏమైంది? పెళ్లివాళ్లకు నచ్చజెప్పే నైపుణ్యం ఆమె దగ్గర లేదా? పెళ్లివాళ్లకు ఎవరు క్లాసు పెడతారు? వాళ్లను ఏ వ్యాన్లో ఎక్కించి తీసుకుపోతారు? కోపం అణుచుకోవడం నేర్పడానికి ఎప్పుడూ కోపం వచ్చినవాళ్లనే పిలుస్తారు, తెప్పించినవాళ్లు మాత్రం వాళ్ల ఇళ్లలో హాయిగా కూర్చుంటారు.

అయినా ఆ పెళ్లి పనికి నేను పోయాను. ఎందుకు పోయానని నా బిడ్డ ఇప్పటికీ అడుగుతుంది. పోకపోతే ఆ చోటు ఆ రోజే పోయేది. పోతే ఏదో ఒకటి జరుగుతుందని ఒక మొండి ఆశ. పొద్దున్నే లీడర్ అక్క వెనక వాకిట్లో ఆ గంపల పిండి నేనే పిసికాను. పెళ్లికూతురి సారె పిండి. మెత్తగా, చేతికి అంటకుండా, ఉప్పు వాము సరిచూసి పిసికాను. ఆ పిండికి ఏ దోషమూ లేదట. భర్త లేని ఆడదాని చేయి పిండిలో మణికట్టు దాకా మునిగితే ఏమీ కాదు, నూనెలో వేస్తే ఏమీ కాదు, గుండ్రంగా తిప్పితే మాత్రం పెళ్లికూతురికి కీడు. ఈ లెక్క ఎవరు కట్టారో నాకు కనబడితే అడగాలని ఉంది.

పెళ్లికూతురి తల్లి కారు దిగింది. పసుపు, కుంకుమ, పూలు తెచ్చింది. పిండి ముద్దతో గౌరమ్మను చేసి తమలపాకు మీద పెట్టారు. పెళ్లి పని కాబట్టి మొదలుపెట్టే ముందు చుట్టే ఆడవాళ్లందరికీ ఆమె బొట్టు పెట్టాలి. నేను పొయ్యి దగ్గర నుంచే అన్నీ వింటున్నాను. పూల వాసన పొగ దాటి వెనక్కి వచ్చింది. ముందు వాకిట్లో అందరూ కూర్చుంటున్న చప్పుడు, పీటలు జరుపుతున్న చప్పుడు. నా చోట్లో ఎవరో జరిగి కూర్చుంటారని తట్టింది. అంతే, అరికాలి మంట నెత్తికెక్కింది. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, ఇంట్లోంచి ముందు వాకిట్లోకి నడిచి, లీడర్ అక్కకూ వదినకూ మధ్య నా చోట్లో కూర్చున్నాను.

నన్ను లేపడానికి ఎవరికీ వీల్లేదు, పెళ్లికూతురి తల్లి అక్కడే ఉంది. లీడర్ అక్క మొహం పాలిపోయింది. మోకాలితో నా మోకాలిని గట్టిగా నొక్కింది, లే అన్నట్టు. నేను కదల్లేదు. పళ్లెం ఆ చివర నుంచి మొదలైంది. ఒకరికి పెట్టింది, ఇంకొకరికి పెట్టింది. లీడర్ అక్కకు పెట్టింది. నా ముందుకు వచ్చింది. ఆమె నన్ను చూసి నవ్వింది. నా నుదుటి మీద స్టిక్కర్ ఉంది, ఆమెకు ఏమీ తెలియదు. ఉంగరపు వేలు కుంకుమలో ముంచింది.

నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. ఆమె పెట్టేసేది, పక్కకు పోయేది, పని మొదలయ్యేది. వాకిట్లో ఉన్న ప్రతి ఒక్కరూ నేను నోరు మూసుకోవాలనే ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. అన్నేళ్ల తర్వాత ఒక కుంకుమ వేలు నా నుదుటి దాకా వచ్చింది. నాకు కావాలనిపించలేదా అంటే, చాలా కావాలనిపించింది. కానీ దొంగతనంగా పెట్టించుకున్న బొట్టు నాకెందుకు? ఆమెకు తెలియక పెడితే అది నాకు పెట్టినట్టు కాదు.

"నా మొగడు లేడమ్మా. సచ్చిపోయిండు" అన్నాను. "మీ సారె పిండి పిసికింది నేనే. మొన్న మీరు తిన్న సకినం గుడ నా చేతిదే. తెలిసి పెట్టు."

వేలు గాలిలో ఆగింది. కుంకుమ రాలి నా ఒళ్లో పడింది. ఆమె కోపగించుకోలేదు. భయపడింది. లీడర్ అక్క వైపు తిరిగింది.

"ఏందక్కా ఇది? అందరు పుణ్యస్త్రీలే అంటివి గదా?"

లీడర్ అక్క నా వైపు చూసింది. ఆ చూపులో మేమిద్దరం ఉన్నాం. దవాఖాన నేల ఉంది, నా బిడ్డను మొదట ఎత్తుకున్న చేతులు ఉన్నాయి. ఆమె నా పక్షాన ఒక్క మాట అంటుందని ఆ క్షణంలో కూడా నమ్మాను.

"ఆమె మా సంఘంల లేదక్కా" అంది. "ఊకెనే చేతి సాయానికి వచ్చింది. నువ్వేం మనసుల పెట్టుకోకు."

పెళ్లికూతురి తల్లి ఊపిరి తీసుకుంది. నాతో చాలా మర్యాదగా "ఏమనుకోకు చెల్లె, పెండ్లి పని గదా" అంది. నన్ను దాటి పళ్లెం వదిన ముందు పెట్టింది. వదిన తల పైకెత్తకుండా బొట్టు పెట్టించుకుంది. నేను లేచాను. ఒళ్లో పడిన కుంకుమ దులుపుకుని, ఎవరినీ తగలకుండా, బట్ట తొక్కకుండా జాగ్రత్తగా బయటికి వచ్చాను. అంత కోపంలోనూ వాళ్ల బట్ట తొక్కకుండా వచ్చానే అని తలుచుకుంటే నా మీద నాకే చిరాకు.

ఆ మధ్యాహ్నమంతా ఎదురింటి నుంచి నూనె వాసన వస్తూనే ఉంది. సాయంత్రం పొద్దు ఉండగానే లీడర్ అక్క ఒక గిన్నెలో సకినాలు పోసుకుని వచ్చింది. గడప దాటి లోపలికి రాలేదు.

"నీ కోపం నాకు అర్థమైతాంది చెల్లె."

"అర్థమైతే ఏం జేస్తవ్?"

ఆమెకు ఆ ప్రశ్నకు జవాబు ఎవరూ నేర్పలేదు. కాసేపు గిన్నె అటూ ఇటూ మార్చుకుంది.

"ఏం జెయ్యమంటవ్ మరి? ఆర్డర్ పోనియ్యమంటవా? అందరి నోట్ల మన్ను కొట్టమంటవా? నా మీద ఎంతమంది ఉన్నరు నీకు ఎరుక లేదా?"

"నేను సంఘంల లేనంటివి. ఎన్నటి సంది లేనక్కా? పొద్దుగాల పిండి పిసికినప్పుడు ఉన్ననా, లేనా? దుకాణపోనితోని మాట్లాడి వచ్చిన్నాడు ఉన్ననా, లేనా?"

"గా మాట నోటెంట ఎట్ల వచ్చిందో నాకే తెల్వది."

ఆమె కళ్లలో నీళ్లు వచ్చాయి. నిజం నీళ్లే. ఆమె చెడ్డది కాదు, నా మంటంతా అదే. చెడ్డదైతే నాలుగు మాటలని మరిచిపోయేదాన్ని. నా మేలు కోరే మనిషి, నా బిడ్డకు పేరు పెట్టిన మనిషి, అవసరం పడేసరికి నన్ను చెప్పుల దగ్గర వదిలేసి లోపలికి పోయింది.

"కోపం తగ్గినంక రా. కూసోని మాట్లాడుకుందాం" అంది.

"తగ్గది అక్కా. నేను తగ్గనియ్య. గిన్నె తీస్కపో."

తీసుకుపోయింది. ఆమె గేటు వేసుకునేదాకా నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను.

మరుసటి రోజు నేను వాకిలికి పోలేదు. ఆ మరుసటి రోజూ పోలేదు. పిలుస్తారని చూశాను, అది మాత్రం దాచను. పిలవలేదు. మిఠాయి దుకాణానికి సరుకు వేరే ఆమె తీసుకుపోయింది. పెళ్లి బాగా జరిగిందట, సకినాలు బాగున్నాయని మెచ్చుకున్నారట. ఆ మాట కూడా ఎవరో చెవిన వేశారు, నా మంచికే అన్నట్టు. మళ్లీ మిరప చేలకు పోక తప్పదేమోనని పాత పని చీర కట్టుకుని కూర్చున్న ఒక పొద్దున, వదిన వచ్చింది. చెప్పులు విడిచి, వంటింటి గోడకు ఆనుకుని కూర్చుంది. 

"ఆ పళ్లెం నీ తర్వాత నా కాడికే వచ్చింది వదినె" అంది.

"వచ్చింది. పెట్టించుకున్నవు గదా."

"పెట్టించుకున్న. నా మొగడు బివండి పోయి ఎన్నేండ్లాయె. ఫోన్ లేదు, మనిషి లేడు. ఉన్నడో లేడో దేవునికెరుక. నేను పుణ్యస్త్రీనో కానో నాకే తెల్వది. నీతోని లేస్తే నన్ను గుడ అడుగుతరని బుగులైంది. మీటింగ్ల నిన్ను ఊకోమన్నది గుడ గా బుగులుకే."

నాకు జాలి కలగలేదు. కలిగిందని రాస్తే బాగుంటుంది గానీ, కలగలేదు. నా పక్కన కూర్చుని, నాకు జరిగిందే తనకూ జరుగుతుందని తెలిసి, నన్నే ఊరుకోమన్న మనిషి. అంత భయం ఆమెలో పెట్టింది ఎవరు అని ఆలోచిస్తే మాత్రం, కోపం ఆమె మీద నుంచి జరిగి ఇంకా పెద్దవాళ్ల మీదికి పోయింది.

"మరి ఇప్పుడెందుకు వచ్చినవ్?"

"ఆడ కూసుంటే పానం నిమ్మలంగ లేదు" అంది. "నీకాడ పొయ్యి ఉంది గదా."

పొయ్యి ఉంది. బియ్యం నానబోశాను. మా ఇద్దరి ఇళ్లలో ఉన్న పాత ధోతి బట్టలు ఉతికి ఆరేశాం. మా అరుగు ఇరుకు, కాళ్లు ముడుచుకుని కూర్చోవాలి. పరకాలలో ఒక దుకాణానికి పోయి నేనే మాట్లాడాను. మొదటి నెలల్లో వదిన చుడుతుంటే నేను నూనెలో కాల్చేదాన్ని, నేను చుడుతుంటే ఆమె కాల్చేది. ఎదురింట్లోంచి నవ్వులు వినిపించినప్పుడల్లా మా ఇద్దరి చేతులు ఆగేవి. తర్వాత ఆగడం మానేశాయి.

హైదరాబాద్ మేడం మళ్లీ వచ్చింది. ఎదురింటి వాకిట్లో సంఘం విజయం మీద వీడియో తీశారు. పని అయ్యాక ఆమె మా అరుగు మీదికి కూడా వచ్చి కూర్చుంది, చేతిలో మంచినీళ్లు పట్టుకుని. "మీరు గ్రూప్ నుంచి బయటికి రావడం నాకు బాధగా ఉందమ్మా. మీలో ఆ కోపం ఇంకా ఉన్నట్టుంది" అంది.

"ఉంది మేడం" అన్నాను. "అది లేకపోతే ఈ పొయ్యి వెలిగేది కాదు. మీరు ఆ బుగ్గల క్లాసు ఇంకెక్కడన్నా పెడితే, మమ్మల్ని కాదు, పళ్లెం పట్టుకుని తిరిగేవాళ్లను పిలవండి."

ఆమె నవ్వింది. ఫీడ్‌బ్యాక్‌లో రాస్తానంది. రాసిందో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు మా అరుగు దగ్గరికి కూడా పెళ్లి ఆర్డర్ల కోసం వస్తున్నారు. మొన్న ఒకామె అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చింది. చుట్టినవి చూసింది, రుచి చూసింది, ఎప్పటికి కావాలో చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి "ఏమనుకోవద్దు అక్కా" అని మొదలుపెట్టింది. ఆ మొదలు నాకు బాగా తెలుసు. ఆమెను పూర్తి చేయనివ్వలేదు.

"మా ఇద్దరిల నాకు మొగడు లేడు. ఈ వదినెకు ఉన్నడో లేడో తెల్వది" అన్నాను. "ఇష్టమైతే కూసోండ్రి. లేకుంటే వరంగల్ బస్సు వచ్చే యాళ్లయింది."

వదిన తల వంచుకోలేదు. ఆమె వేళ్ల మధ్య పిండి మెలి తిరుగుతూనే ఉంది. వచ్చినామె అమ్మాయి చేయి పట్టుకుని బస్సు వైపు నడిచింది. ఎక్కువమంది అట్లాగే పోతారు. కొందరు కూర్చుంటారు. పోయినవాళ్లలో ప్రతి ఒక్కరి మీదా నాకు కోపమే, అణుచుకోవాలని ఎవరు చెప్పినా వినను.